వెలగని పరీక్షనాళిక

సింథటిక్ బయాలజీని బడిపిల్లల ముందుకు తీసుకెళ్లాలన్న మాట వచ్చినప్పుడల్లా పెద్దలు రెండు పక్షాలవుతారు. జన్యువులను ముక్కలుగా విడదీసి, వాటిని కొత్త వరుసలో కూర్చి, బ్యాక్టీరియా చేతనో ఈస్టు చేతనో మనకు కావలసిన పని చేయించే విద్య అది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ముక్క, ఏ ప్రొటీన్ తయారు చేయాలో చెప్పే ముక్క, ఎక్కడ ఆపాలో చెప్పే ముక్క: ఒక్కొక్కదానికీ ఒక పేరుంది, ఒక పనుంది. రాబోయే కాలమంతా దీనిదేనని ఒక పక్షం వాదిస్తుంది. కంపెనీల సరుకుకు చిన్నప్పటి నుంచే గిరాకీ పెంచుతున్నారని రెండో పక్షం అంటుంది. ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెడుతున్నాను. ఒకరు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే లెక్చరర్. ఇంకొకరు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, జన విజ్ఞాన వేదిక కార్యకర్తగా ఊరూరా తిరిగిన మాస్టారు. మనుషులు కల్పితం, వాళ్లు చూపే సాక్ష్యాలు నిజం. నేను లెక్చరర్ వైపు మొగ్గుతాను. అయితే మాస్టారి ప్రశ్నలకు జవాబివ్వకుండా ఆ వైపు నిలబడటం న్యాయం కాదు.

మాస్టారు: అమ్మా, ఇదంతా ఎవరి కోసమో ముందు తేల్చు. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో నెల రోజుల కోర్సుగా మొదలైంది. మరుసటి ఏడాదికి ఐదు జట్ల పోటీ అయింది, ఐజెమ్ అని పేరొచ్చింది. ఇప్పుడు వందల జట్లు, వాటిలో హైస్కూలు పిల్లల జట్లు కూడా, పతకాల కోసం సముద్రాలు దాటి వెళుతున్నాయి. ఒక జట్టు బ్యాక్టీరియా చేత రంగులు చేయిస్తే, ఇంకో జట్టు వాసనలు చేయిస్తుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ఇక్కడేమో 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోఈ3 విధానాన్ని ఆమోదించింది. బయో తయారీ పరిశ్రమ పెరగాలి, దానికి పనివాళ్లు కావాలి, జనం అడ్డం తిరక్కూడదు. 2010 ఫిబ్రవరిలో జన్యు మార్పిడి చేసిన బీటీ వంకాయ ఎందుకు ఆగింది? హైదరాబాద్‌తో సహా దేశంలోని ఏడు నగరాల్లో సభలు పెట్టి జనం మాట విన్న తర్వాత ఆగింది. అప్పటి నుంచి ఈ రంగంలో చాలామందిది ఒకటే పాట: జనానికి తెలియక వద్దంటున్నారు, తెలిస్తే ఒప్పుకుంటారు. పెద్దవాళ్లు వినరు కాబట్టి పిల్లలను పట్టుకుంటున్నారు. ఇది చదువు చెప్పడమా, ప్రచారమా?

లెక్చరర్: మాస్టారూ, పిల్లలు ఒప్పుకుంటారా లేదా అని మనం అడిగేలోపే ఆ విద్య వాళ్ల ఒంట్లోకి వెళ్లిపోయింది. 2022 మార్చి 16 నుంచి దేశమంతటా పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కోవిడ్ టీకా వేశారు. అది కోర్బెవాక్స్, మన హైదరాబాద్ బయొలాజికల్ ఇ వాళ్లది. కరోనా వైరస్ మన కణాన్ని పట్టుకోవడానికి వాడే ప్రొటీన్‌లో ఒక చిన్న భాగాన్ని తీసుకుని, దాని జన్యువును పికియా అనే ఈస్టులో పెట్టారు. ఆ ఈస్టును తొట్టెల్లో పెంచి, అది తయారు చేసిన ప్రొటీన్‌ను శుద్ధి చేసి సీసాల్లో నింపారు. అంతకు పాతికేళ్ల ముందు, 1997లో, శాంతా బయోటెక్నిక్స్ కూడా హెపటైటిస్ బి టీకాను ఈస్టు చేతనే చేయించి, దిగుమతి టీకా కొనలేని ఇళ్లకు అందుబాటులోకి తెచ్చింది. కోర్బెవాక్స్ వేయించుకున్న పిల్లలే ఇప్పుడు మా క్లాసుల్లో బైపీసీ చదువుతున్నారు. మీ భుజంలోకి వెళ్లిన మందు ఎలా తయారైందో చెప్పండంటే బిక్కమొహం వేస్తారు. ఈకో ఆర్ వన్ ఎంజైము జీఏఏటీటీసీ అన్న వరుస దగ్గర కోస్తుందని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. నీట్‌లో అది నాలుగు మార్కులు. ఈ చదువుతో వాళ్లు ఆ టీకాను తయారు చేయలేరు, దాని మీద ఒక సరైన ప్రశ్న కూడా వేయలేరు. మీరు ప్రచారానికి భయపడుతున్నారు. ప్రచారానికి తేలిగ్గా లొంగేది ఇలా కంఠతా పట్టిన బుర్రే కదా?

మాస్టారు: అయితే పాఠం బాగా చెప్పు, ఎవరొద్దన్నారు? పిల్లల చేతికి బ్యాక్టీరియాను ఎందుకివ్వడం? ఈ ప్రయోగాల్లో కొత్త జన్యువు చేరిన బ్యాక్టీరియాను మిగతా వాటి నుంచి ఏరడానికి దానికి యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువును కూడా జోడిస్తారు. ఆ మాట పిల్లల ముందు ఎంతమంది ఎత్తుతారు? మనది మామూలు చోటు కాదమ్మా. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి? అలాంటి చోట, సింకులో ఏం పోస్తున్నారో చూసే మనిషి కూడా లేని బడిలో, మందును తట్టుకునే బ్యాక్టీరియాను పెంచమంటావా?

లెక్చరర్: పెంచమనను. బడిలో బతికున్న జన్యు మార్పిడి జీవి ఉండకూడదన్న దగ్గర నేనూ మీతోనే ఉన్నాను. మన దేశంలో 1989 నాటి నిబంధనల ప్రకారం ఇలాంటి పని చేసే ప్రతి సంస్థకూ ఒక జీవభద్రతా కమిటీ ఉండాలి. బడికి అది ఉండదు, ఉందని నటించకూడదు కూడా. అసలు జీవి లేకుండానే ఈ పాఠం చెప్పే దారి 2018లో వచ్చింది. ఎంఐటీలో జేమ్స్ కాలిన్స్, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మైకేల్ జువెట్ బృందాలు కలిసి బయోబిట్స్ అని బడి పిల్లల కోసం ఒక కిట్టు తయారు చేశాయి. బ్యాక్టీరియాను పగలగొట్టి, జన్యువును చదివి ప్రొటీన్ తయారు చేసే సరంజామాను మాత్రం వేరు చేసి, నీరంతా లాగేసి ఎండబెట్టారు. అదిక బతకదు, పెరగదు, పిల్లలు పెట్టదు. వేలి గోరంత ప్లాస్టిక్ నాళిక అడుగున తెల్లటి పిసరులా అతుక్కుని ఉంటుంది. అందులో ఒక చుక్క నీరు, ఆ నీటిలో జెల్లీఫిష్ నుంచి వచ్చిన మెరుపు ప్రొటీన్ జన్యువు. ఒంటి వేడి దగ్గర ఉంచి, మర్నాడు నీలి దీపం కింద పెట్టి, పసుపు కాగితం అడ్డం పెట్టుకుని చూస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. పని అయ్యాక అన్నిటినీ బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి పారేయాలి. ఆ డీఎన్‌ఏ ముక్కలో కూడా మీరన్న మందును తట్టుకునే జన్యువు ఉండే వీలుంది. కాబట్టి ఎందుకు నానబెడుతున్నామో పిల్లలకు చెప్పి, పటాన్‌చెరు నీళ్ల సంగతిని ఆ పూటే పాఠంగా చెప్పాలి.

మాస్టారు: నాళిక వెలుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, ఫోన్లో ఫోటో దిగుతారు. బాబాగారు చేతిలోంచి విభూతి తీస్తే భక్తులూ అలాగే చప్పట్లు కొడతారు. తేడా ఏమిటి?

లెక్చరర్: తేడా మీకే బాగా తెలుసు. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం చూపించి చేతబడి ఉందని నమ్మించేవాళ్ల గుట్టు మీరు ఊళ్లలో విప్పారు. కత్తికి ముందే మిథైల్ ఆరెంజ్ పూసి ఉంచుతారు, నిమ్మరసం పులుపు తగలగానే అది ఎర్రబడుతుంది. మీరు అది చెప్పి ఊరుకోలేదు. ఏమీ పూయని రెండో కత్తి పిల్లవాడి చేతికిచ్చి అదే నిమ్మకాయను కోయించారు. రక్తం రాలేదు. మీ రెండో కత్తి చేసిన పనే నా బల్ల మీద వెలగని పరీక్షనాళిక చేస్తుంది. తెల్లటి పిసరు అదే, నీరు అదే, వేడి అదే, జన్యువు మాత్రం వేయం. అది వెలగకూడదు. ఒక్కోసారి కొద్దిగా వెలుగుతుంది! అప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. పిపెట్ కొన మార్చకుండా ఒక నాళిక నుంచి ఇంకో నాళికకు వెళ్లామా, ఆ ప్లాస్టిక్కే నీలి కాంతిలో మెరుస్తోందా, మనం చూడాలనుకుని చూస్తున్నామా? ఈ ప్రశ్నలు వేయని కార్యక్రమాన్ని మీరు ప్రచారం అంటే నేను ఒప్పుకుంటాను.

ఇక్కడ నా మాట ఒకటి చేర్చాలి. ఈ వివాదంలో తూకం తేల్చేది ఈ రెండో నాళికేనని నా నమ్మకం. ఒక కార్యక్రమం చదువో ప్రచారమో తెలుసుకోవాలంటే దానికి డబ్బెవరిచ్చారని అడగడం అవసరమే, కానీ అంతటితో సరిపోదు. పని జరగని నాళిక ఆ బల్ల మీద ఉందా, దాన్ని పిల్లల చేతే పెట్టించారా, ఫలితం తారుమారైతే దాని మీద మాట్లాడే వ్యవధి ఇచ్చారా అని చూడాలి. 2006లో ఎంఐటీ విద్యార్థి జట్టు ఒకటి బ్యాక్టీరియాకు అరటిపండు వాసన నేర్పింది. ప్రయోగశాలల్లో పెంచే ‘ఈ కోలై’ బ్యాక్టీరియాకు ఇండోల్ అనే పదార్థం వల్ల సహజంగానే ఒక దుర్వాసన ఉంటుంది కాబట్టి, ఇండోల్ తయారు చేయలేని రకాన్ని ముందు ఎంచుకున్నారు. ఈస్టు నుంచి తెచ్చిన ఒక జన్యువు చేత, బయటి నుంచి పోసిన ఆల్కహాలు ఒకదాన్ని అరటి వాసన ఎస్టరుగా మార్పించారు. నటాలీ కుల్డెల్ స్థాపించిన బయోబిల్డర్ సంస్థ ఆ పనిని హైస్కూలు ప్రయోగంగా మలిచింది. అందులో నాకు నచ్చింది అరటి వాసన కాదు, దాన్ని కొలిచే తీరు. అక్కడ కొలిచే పరికరం పిల్లల ముక్కే. ఒకరికి ఘాటుగా ఉన్నది ఇంకొకరికి అసలు తగలదు. ఏ సీసాలో ఏముందో ముందే తెలిసినవాడికి లేని వాసన కూడా వస్తుంది. దాంతో పిల్లలు సీసాల మీద పేర్లు తీసేసి, తెలిసిన మోతాదుల అరటి ఎసెన్సుతో పోల్చి, పది ముక్కుల తీర్పులను ఒక పట్టికలో రాసి చూడాల్సి వస్తుంది. కొత్త మందు పరీక్షలో రోగికీ డాక్టరుకూ ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా ఎందుకు ఉంచుతారో ఇలా చేసిన పిల్లవాడికి విడిగా చెప్పనక్కర్లేదు. జీవశాస్త్రం పేరుతో మొదలైన పాఠం సాక్ష్యాన్ని తూచే పాఠంగా మారుతుంది. మాస్టారికి మాత్రం ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది.

మాస్టారు: బల్ల మీది సంగతి సరే, బల్ల దాటాక? ఈ రంగం తన గొప్పకు ఎప్పుడూ చూపించేది మలేరియా మందు. బర్క్‌లీలో జే కీస్లింగ్ బృందం ఈస్టు చేత ఆర్టెమిసినిన్‌కు ముందు దశ పదార్థాన్ని చేయించింది. 2013 నాటికి లీటరుకు 25 గ్రాముల దాకా పండింది, సనోఫీ కంపెనీ ఇటలీలో ఫ్యాక్టరీ పెట్టింది. ఆ తర్వాత? చైనా, వియత్నాం, తూర్పు ఆఫ్రికాల్లో మొక్క పండించే రైతుల సరుకు కిలో 250 డాలర్ల లోపుకు దిగితే, ఫ్యాక్టరీ మందు లాభం వేసుకోకుండా అమ్మినా 350 డాలర్లు దాటింది. చివరికి ఆ ఫ్యాక్టరీని అమ్మేశారు. ఒకవేళ ఫ్యాక్టరీ మందే చౌకై ఉంటే ఆ రైతులు ఏమయ్యేవాళ్లు? ఈ రెండు ప్రశ్నలూ మీ కిట్టులో ఉండవు. అలాగే 2006లో ఎడిన్‌బరో జట్టు బావినీళ్లలో ఆర్సెనిక్‌ను రంగు మార్పుతో పట్టే బ్యాక్టీరియాను చూపించింది. బెంగాల్, బంగ్లాదేశ్ బావుల కోసమన్నారు. బతికున్న మార్పిడి జీవిని బావి గట్టు మీదికి ఎవరు అనుమతిస్తారన్న దగ్గర చిక్కుపడింది. ఇక మన ఇంటికే రా. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో సాంబ మసూరిని సవరించి చేసిన కమల. రెండోది కాటన్‌దొర సన్నాల నుంచి చేసినది. ఒకటి మన బాపట్ల బియ్యం, ఇంకోటి మారుటేరు బియ్యం! బయటి జన్యువు చేర్చలేదు కాబట్టి పాత నిబంధనలు చాలావరకు వర్తించవని 2022 మార్చిలోనే సడలించి పెట్టారు. కమల దిగుబడి 19 శాతం ఎక్కువన్నారు. ఆ పరీక్షల లెక్కల మీద విమర్శలొచ్చాయి. పిల్లల చేత నాళికలు వెలిగిస్తే ఈ గొడవలో వాళ్లకు ఒరిగేదేమిటి?

లెక్చరర్: ఆర్టెమిసినిన్ కథ కిట్టులో లేకపోవడం తప్పే. అది ఉండాల్సిందే, గెలుపు కథగా కాకుండా ఇప్పుడు మీరు చెప్పినట్టే, ధరలతో సహా. వరి దగ్గరికొద్దాం. 19 శాతం ఎక్కువన్నారు. దేనికన్నా ఎక్కువ? ఎన్ని చోట్ల, ఎన్ని మడుల్లో, ఎన్ని కార్లు వేసి చూశారు? సవరించని సాంబ మసూరిని పక్క మడిలో అదే రోజు నాటారా, అదే ఎరువు వేశారా? విమర్శించేవాళ్లు అడిగేవీ, సంస్థ జవాబు చెప్పాల్సినవీ ఈ తరహా ప్రశ్నలే. మాస్టారూ, సవరించని సాంబ మసూరి మడి వెలగని పరీక్షనాళికే. చేత్తో దాన్ని పెట్టి చూసిన తొమ్మిదో తరగతి పిల్లకు ఈ ప్రశ్న దానంతటదే తడుతుంది. చూడని పిల్లకు 19 శాతం అంటే 19 శాతమే. ప్రభుత్వం చెబితే ఒకలా, ఉద్యమం చెబితే ఇంకోలా నమ్మేస్తుంది. రెండూ నమ్మకాలే.

మాస్టారు: ఉద్యమాన్ని నమ్మకం అంటావా?

లెక్చరర్: ఉద్యమంలో ఎవరి మాట నిలబడిందో చూడమంటాను. పుష్ప ఎం. భార్గవగారు హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థను కట్టిన మనిషి, ఈ దేశంలో అణు జీవశాస్త్రానికి బల్లలు వేయించినవాళ్లలో ఒకరు. 2008లో సుప్రీంకోర్టు ఆయన్ను జన్యు మార్పిడి పంటలకు అనుమతులిచ్చే కమిటీలోకి తన తరఫున పంపింది. లోపల కూర్చుని, బీటీ వంకాయకు ఏ పరీక్షలు జరిగాయి, ఏవి జరగలేదు, జరిగినవి ఎవరు చేశారు అని వరసగా అడిగారు. మార్పిడి వద్దని నినాదం ఇవ్వడానికి వేలమంది ఉన్నారు, వాళ్ల కష్టం తక్కువది కాదు. కానీ చేయని పరీక్షల చిట్టా చదవాలంటే బల్ల దగ్గర పని తెలిసినవాడు కావాలి. 2024 డిసెంబరులో ఇంకోటి జరిగింది. మన జీవకణాల్లోని అణువులకు అద్దంలో ప్రతిబింబంలాంటి అణువులతో బ్యాక్టీరియాను తయారు చేయొద్దని, అది బయటపడితే మనుషుల, జంతువుల, మొక్కల రోగనిరోధక శక్తి దాన్ని పట్టలేకపోవచ్చని 38 మంది శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో రాశారు. వాళ్లలో కొందరు అలాంటి కణం వైపు సొంతంగా పని చేసినవాళ్లే. ఆ ప్రమాదాన్ని ముందుగా చూడగలిగింది దాన్ని కూర్చడం తెలిసినవాళ్లే. ఈ విద్య పిల్లలకు చేరకపోతే తయారు చేసేవాళ్లు ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటారు, వాళ్లకు డబ్బుంది. నిలదీసేవాళ్లే మనకు కరువవుతారు.

భార్గవగారి ఉదాహరణ విన్నాక మాస్టారు వాదం మారుస్తారు. మార్చడం సబబు కూడా. తెలిసినవాడే నిలదీయగలడన్నది నిజమైతే, ఆ తెలివి ఎవరికి అందుతోందన్నది తర్వాత వచ్చే ప్రశ్న. ఈ చర్చలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం అదే. లెక్చరర్ దగ్గర దానికి పూర్తి జవాబు ఉందని నేను అనను.

మాస్టారు: సరే, నేర్పాలనే అనుకుందాం. ఎవరికి? పతకాల పోటీకి జట్టు పంపాలంటే రుసుములు, ప్రయాణాలు కలిపి లక్షలు. అది ఏ బడి పిల్లలకు సాధ్యమో నీకు తెలుసు. జిల్లా పరిషత్ హైస్కూల్లో మైక్రోస్కోపు బీరువాలో తాళం కింద ఉంటుంది, తాళం హెడ్మాస్టారి దగ్గర ఉంటుంది. అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చిన బడిలోనూ రోబోలు, త్రీడీ ప్రింటర్లే. మా వేదిక పెట్టే చెకుముకి సైన్సు పరీక్ష రాసే పిల్లలు చందమామ గురించి అడుగుతారు, కరెంటు గురించి అడుగుతారు, వాళ్లకు ప్రయోగం అంటే నోటుబుక్కులో బొమ్మ. అమెరికా కిట్టు ఇక్కడ ఎంతకు దిగుతుంది? ఇచ్చేది మళ్లీ ఏదో కంపెనీయే, దాని పేరు బ్యానరు మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. నువ్వు చెప్పిన నిలదీసేవాళ్లు కూడా ఇంటర్నేషనల్ స్కూళ్ల నుంచే వస్తారు.

లెక్చరర్: పతకాల పోటీ గురించి మీరన్నది నిజం. కానీ ఆ పోటీలో కూడా 2009లో బెంగళూరు నుంచి వెళ్లిన జట్టు సంగతి చూడండి. వాళ్లు జీవశాస్త్రం విద్యార్థులు కారు, సృష్టి స్కూల్లో బొమ్మలు, డిజైను నేర్చుకునేవాళ్లు. తొలకరి చినుకుకు నేల నుంచి లేచే వాసన జియోస్మిన్ అనే పదార్థానిది, నేలలోని స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది. ఆ జన్యువును తెచ్చి ఈ కోలై చేత మట్టి వాసన చేయించే పని పెట్టుకున్నారు. ఎవరికి అర్హత ఉందన్న గీతను అది కొంత చెరిపింది. ఇక కిట్టు అమెరికా నుంచే రావాలని లేదు. ఆ తెల్లటి పిసరు చేయడానికి కావలసినవి బ్యాక్టీరియాను పెంచే సదుపాయం, పగలగొట్టే యంత్రం, వేగంగా తిప్పి తేర్చే సెంట్రిఫ్యూజు, ఎండబెట్టే పరికరం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, ఆంధ్రా లాంటి చోట ఎమ్మెస్సీ విద్యార్థులు ప్రాక్టికల్‌గానే తయారు చేయగలిగిన పని. ఎండబెట్టినది కాబట్టి ఐసు పెట్టె లేకుండా బస్సులో పాడేరుకైనా ఆదిలాబాద్‌కైనా పంపొచ్చు. అలా వస్తే బ్యానరు మీద కంపెనీ పేరు అక్కర్లేదు.

మాస్టారు: ఎంజైములు, రసాయనాలు మళ్లీ కొనాల్సినవే. అక్కడ కంపెనీ చెయ్యి పడుతుంది. నన్నడిగితే కంపెనీ డబ్బు అసలు వద్దు. కాదని పైసా పుచ్చుకుంటే ఆ సంగతి పిల్లల వర్క్‌షీటు మీద మొదటి వరుసలో రాయాలి.

లెక్చరర్: రాద్దాం. అయితే కంపెనీ డబ్బు అసలు వద్దనే పట్టు మీరు వదలాలి. సర్కారు డబ్బు వచ్చేదాకా ఆగితే ఇంకో పదేళ్ల పిల్లలు జీఏఏటీటీసీ బట్టీ పట్టి వెళ్లిపోతారు.

మాస్టారు: ఆ పట్టు వదలను. దాని మీద ఇంకా పోట్లాడుకుందాం. ముందు ఇది చెప్పు, ఏ తరగతి? ఇంటర్‌లోనే కదా ఈ పాఠం ఉంది?

లెక్చరర్: ఇంటర్‌లో పాఠం ఉంది, పూట లేదు. పొద్దున ఆరింటికి మొదలైతే రాత్రి స్టడీ అవర్ దాకా నీట్ బిట్లే. మర్నాటిదాకా ఒక నాళిక కోసం ఆగే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు, తారుమారైతే మళ్లీ చేసే వీలు అసలే ఉండదు. తొమ్మిదో తరగతిలో పెట్టాలి. పదో తరగతి ఒత్తిడి ఇంకా మొదలవదు, కణం గురించి అప్పటికి చదివి ఉంటారు.

మాస్టారు: తొమ్మిదో తరగతి అయితే పిల్లల కన్నా ముందు నా తరం టీచర్లను కూర్చోబెట్టు. పిపెట్ పట్టుకోవడం మాకెవరూ నేర్పలేదు. నాళిక వెలగకపోతే పిల్లల ముందు పరువు పోతుందని భయపడి, వెలిగిన బొమ్మ ఫోన్లో చూపించి పాఠం ముగించేస్తాం. వేసవి సెలవుల్లో డైట్ కాలేజీలో వారం రోజులు పెట్టు, రెండు నాళికలూ మా చేతే పెట్టించు, తప్పు చేయనివ్వు, మళ్లీ పెట్టించు. తెలుగులో రాసిన వర్క్‌షీటు తెచ్చావంటే మొదటి బల్ల దగ్గర నేనే కూర్చుంటాను, ప్రశ్నలు మాత్రం ఆపను.

లెక్చరర్: అలాగైతే వర్క్‌షీటులో ప్రశ్నల భాగం మీరే రాయండి, మాస్టారూ. ఆర్టెమిసినిన్ ధరలతో మొదలుపెట్టండి.